వెనక గుమ్మం మూయించిన రోజ్ నాక్స్

వేసవి వచ్చిందంటే అమెరికా ఇళ్ళల్లో ఇష్టంగా చేసుకునే కేకు ఒకటుంది. వెడల్పాటి ట్రేలో పలకలా కేకు వండుతారు. అది కాస్త చల్లారాక ఫోర్కుతో దాని ఒళ్ళంతా తూట్లు పొడుస్తారు. ఆ తూట్లలోకి పళ్ళరసంలో కరిగించిన జెలటిన్ పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. నాలుగు గంటల తర్వాత కోస్తే తెల్లటి కేకు మధ్య ఎర్రెర్రని చారలు, పైన చిలికిన క్రీము, ఆ పైన పండ్ల ముక్కలు! జులై 4న వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవానికీ, చర్చి భోజనాలకీ, తలా ఒక గిన్నె తెచ్చుకుని పార్కులో కూర్చుని తినే విందులకీ ఇది చేస్తుంటారు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు అక్కడి తెలుగువాళ్ళ వేసవి విందుకు చేసిందట. ఆవిడ చెప్పగా నేనూ నేర్చుకున్నాను. ఎలా చెయ్యాలో తర్వాత చెబుతాను. ముందు ఆ జెలటిన్ పొట్లం సంగతి చూడండి.

ఆవిడ తెచ్చిన చిన్న డబ్బా మీద నాక్స్ అని ఉంది. చూస్తే ఎవరో కంపెనీ దొరగారి ఇంటిపేరు అనిపిస్తుంది. దొరగారిదే. అయితే దొరగారు 1908లోనే పోయారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఆ కంపెనీని నడిపింది ఆయన భార్య రోజ్ నాక్స్. కథలు రాసుకునే నాలాంటిదానికి ఇలాంటి మనిషి తారసపడితే ఇక ఊరుకోబుద్ధి కాదు కదా!

రోజ్ 1857లో ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌లో పుట్టింది. పుట్టింటిపేరు మార్క్‌వర్డ్. ఇరవై దాటాక వాళ్ళ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న గ్లవర్స్‌విల్ అనే ఊరికి వెళ్ళింది. పేరులోనే ఉంది చూశారా, అది చేతి తొడుగుల ఊరు. పక్కనే జాన్స్‌టౌన్. రెండు ఊళ్ళలోనూ తోళ్ళు శుద్ధి చెయ్యడం, గ్లవ్స్ కుట్టడం, ఇదే పని. చార్లెస్ నాక్స్ అనే కుర్రాడు ఆ గ్లవ్స్ అమ్మే సేల్స్‌మన్. 1883లో ఇద్దరికీ పెళ్ళయింది. ఒక ఆడపిల్ల పసితనంలోనే పోయింది. ఇద్దరు మగపిల్లలు మిగిలారు.

ఆ సంసారంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. చార్లెస్ ఇంటిఖర్చుకని వారం వారం భార్య చేతిలో డబ్బు పెట్టేవాడు. అందులో విశేషమేముంది, మన ఇళ్ళల్లోనూ పెడతారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. రోజూ ఇంటికొచ్చి వ్యాపారంలో ఏం జరిగిందో, ఎవరు ఎంతకు కొన్నారో, ఎక్కడ నష్టం వచ్చిందో మొత్తం ఆమెకు చెప్పేవాడు. నీకెందుకులే ఇవన్నీ అనే మాట ఆ ఇంట్లో లేదు. సరుకు కొనేటప్పుడు ఏది చూడాలో, అప్పు ఎంతవరకు ఇవ్వొచ్చో ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు, ఈ కబుర్లలోనే నేర్చుకుంది. పొదుపు చేసిన డబ్బు అయిదువేల డాలర్లు అయ్యాక 1890లో ఇద్దరూ కలిసి జాన్స్‌టౌన్‌లో ఒక జెలటిన్ వ్యాపారం కొన్నారు.

జెలటిన్ అంటే ఏమిటో తెలియాలంటే మాంసాహారుల ఇళ్ళల్లో మేక కాళ్ళ పాయా గుర్తుచేసుకోండి. రాత్రి మిగిలిన పాయా చలికాలం పొద్దున్నే చూస్తే గిన్నెలో గడ్డకట్టి వణుకుతుంటుంది. ఆ గడ్డకట్టే గుణమే జెలటిన్. ఎముకల్లోంచీ తోళ్ళలోంచీ ఊడి వస్తుంది. ఆ రోజుల్లో అమెరికా ఇల్లాలు జెల్లీ చెయ్యాలంటే దూడ కాళ్ళు తెచ్చి, గంటల తరబడి ఉడికించి, పైన తేలిన కొవ్వు తీసి, గుడ్డులోని తెల్లసొన వేసి విరిచి, గుడ్డలో వడకట్టి, అప్పుడు గానీ గిన్నెలో పోసుకునేది కాదు. ఒక పూటంతా అదే పని. అందుకే అది వంటవాళ్ళున్న ఇళ్ళ సోకు. రోజ్ ఇంట్లో పడుతున్న ఈ అవస్థ చూశాకే చార్లెస్‌కు ఈ వ్యాపారం ఆలోచన తట్టిందంటారు. రేకుల్లా వచ్చే జెలటిన్‌ను రవ్వలా చేసి, కొలత ప్రకారం పొట్లాలు కట్టి అమ్మాడు. పొట్లం విప్పు, చన్నీళ్ళలో నానబెట్టు, వేడినీళ్ళలో కరిగించు, చల్లబెట్టు. అంతే!

అయితే కొత్త సరుకు కొట్లో పెట్టినంత మాత్రాన ఇల్లాలు కొనదు. ఏం చేసుకోవాలో తెలియాలి. ఆ సంగతి పట్టింది రోజ్. 1896లో ఆవిడ జెలటిన్ వంటల మీద ఒక చిన్న పుస్తకం రాసింది. కొత్త వంట వండడం, బాగుంటే రాసుకోవడం, కంపెనీ పేరున పంచిపెట్టడం. చార్లెస్ పద్ధతి వేరు. ఆయనకు ఆర్భాటం ఇష్టం. పందెపు గుర్రానికి కూడా జెలటిన్ పేరు పెట్టిన మనిషి! గుర్రం వల్ల ఎంత సరుకు అమ్ముడుపోయిందో గానీ, పుస్తకం మాత్రం వంటింట్లో పొయ్యి పక్కన ఉండిపోతుంది. ఎవరి ప్రచారం ఎక్కువకాలం నిలుస్తుందో మీరే చెప్పండి.

ఆ కంపెనీ వంటల పోటీలు కూడా పెట్టేది. 1905లో పెన్సిల్వేనియా గృహిణి ఒకావిడ క్యాబేజీ తురుము, సెలరీ, ఎర్ర మిరపకాయ ముక్కలు జెలటిన్‌లో బిగించి పంపింది. దానికి మూడో బహుమతి వచ్చింది. బహుమతి కుట్టుమిషన్. బోస్టన్ వంటల ఉపాధ్యాయిని ఫానీ ఫార్మర్ న్యాయనిర్ణేతల్లో ఒకరు. కప్పుల్నీ చెంచాల్నీ తలకొట్టి సమంగా కొలవమని అమెరికాకు నేర్పిన మనిషి ఆవిడే. ఆ క్యాబేజీ జెల్లీ తర్వాత దశాబ్దాల పాటు అక్కడి విందుల్లో తిరిగింది. నాకైతే చల్లటి జెల్లీలో క్యాబేజీ అంటే తలుచుకుంటేనే ఎలాగో ఉంది. ఎవరి నాలుక వాళ్ళది లెండి.

1908లో చార్లెస్ చనిపోయాడు. రోజ్‌కు యాభై ఏళ్ళు. పిల్లలు ఇంకా కంపెనీ నడిపే వయసులో లేరు. ఇలాంటప్పుడు ఏమవుతుందో మనకు తెలియనిదా? మన పక్కనైతే పదకొండో రోజు దాటకముందే బావగారో, మరిదిగారో, అన్నగారో కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఆవిడకు నెలకింత అని పంపిస్తారు. అక్కడా కుటుంబానికి ఎదురైన దారులు రెండే: వ్యాపారం అమ్మెయ్యడం, లేకపోతే ఎవరో ఒక మేనేజరు చేతిలో పెట్టడం. రోజ్ రెండూ చెయ్యలేదు. తనే వెళ్ళి ఆఫీసులో కూర్చుంది. పోనీ, కొడుకులు చేతికందేదాకా ఏదో చూసుకుంటుందిలే అనుకున్నవాళ్ళు అనుకున్నారు.

అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఓటు లేదు. అది 1917లో వచ్చింది. దేశమంతటికీ 1920లో. అంటే ఆ రోజు ఆ ఆఫీసులో కూర్చున్నావిడ ఫ్యాక్టరీకి యజమానురాలే గానీ, ఊళ్ళో ఎన్నికలొస్తే తన దగ్గర పనిచేసే మగవాళ్ళంతా వెళ్ళి ఓటేసి వస్తారు, తను వెయ్యలేదు.

మొదటి రోజే ఆవిడ రెండు పనులు చేసింది. భర్త దగ్గర పెద్ద హోదాలో పనిచేసిన ఒకాయన, ఆడదాని కింద పనిచెయ్యనన్నాడు. సరేనని రాజీనామా తీసుకుంది. రెండోది ఆ ఫ్యాక్టరీ వెనక గుమ్మం. మగవాళ్ళు ముందు గుమ్మం నుంచి వస్తే, ఆడ పనివాళ్ళు వెనక గుమ్మం నుంచి రావాలి. అది ఎప్పుడు ఎవరు పెట్టిన నియమమో, అలా నడిచిపోతోంది. రోజ్ ఆ వెనక గుమ్మాన్ని శాశ్వతంగా మూయించేసింది. ఇకనుంచి అందరూ ముందు నుంచే.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. జీతాలు పెంచడం లాంటి పెద్ద పనులు తర్వాత ఎన్నో చేసి ఉండొచ్చు. కానీ గుమ్మం సంగతి ముందుగా కనిపించాలంటే ఆ గుమ్మం ఎటు ఉందో తెలిసిన మనిషి అయుండాలి. చార్లెస్ మంచివాడే, భార్యతో అన్నీ చెప్పుకున్నవాడే. అయినా పద్దెనిమిదేళ్ళు ఆ ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చినా ఆయనకు అది కంటపడలేదు. పెద్దింటి పెళ్ళిళ్ళలో వంటవాళ్ళనీ, అంట్లు తోమే మనుషుల్నీ పెరటి దారిన రమ్మనే అలవాటు మన దగ్గర పూర్తిగా పోయిందని నేను చెప్పలేను.

ఆ తర్వాత ఆవిడ వ్యాపారాన్ని చీపురు పుచ్చుకుని శుభ్రం చేసినట్టు చేసింది. భర్త సరదాకొద్దీ మొదలెట్టిన ఇతర చిన్నా చితకా వ్యాపారాలు వదిలించేసింది. గుర్రాల గొడవ లేదు. ప్రకటనలు గృహిణులతో నేరుగా మాట్లాడినట్టు రాయించింది. తన పేరుతోనే పత్రికల్లో వంటల శీర్షిక వచ్చేది. ప్రయోగాలకని ఒక వంటశాల పెట్టింది. 1915 నాటికి వ్యాపారం విలువ మూడింతలైంది. 1916లో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో జెలటిన్ తయారుచేసే కంపెనీలో సగం వాటా కొంది. రోజూ పాలు కొనుక్కునే ఇల్లాలు లెక్కలేసుకుని, ఇక లాభం లేదని గేదెనే కొనుక్కున్నట్టన్నమాట. తర్వాత అది కైండ్ అండ్ నాక్స్ అన్న పేరుతో నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, మిగిలిపోయిన కూరా నారా పారెయ్యకుండా జెలటిన్‌తో ఎలా వాడుకోవచ్చో చెబుతూ పొదుపు వంటల పుస్తకం ఒకటి తెచ్చింది.

పనివాళ్ళకు వారానికి అయిదు రోజుల పని, ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు, జబ్బు చేస్తే సెలవు. అమెరికాలో పనిగంటల చట్టం 1938లో వచ్చింది. ఈవిడ అంతకు ఎంతో ముందే ఇచ్చేసింది. ఆరు రోజుల్లో చేసే పని అయిదు రోజుల్లో చెయ్యలేకపోతే మన ఏర్పాటులోనే ఏదో లోపం ఉందన్నట్టుగా ఉండేది ఆవిడ ధోరణి. 1929లో మార్కెట్లు కుప్పకూలి ఊళ్ళకు ఊళ్ళు పని పోగొట్టుకున్న ఆర్థికమాంద్యం రోజుల్లో ఆవిడ ఒక్కరిని కూడా తీసెయ్యలేదు. ఆ 1929లోనే కిరాణా సరుకుల తయారీదారుల సంఘం డైరెక్టర్లలో చేరింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి.

అన్నీ మెచ్చుకోవాలని లేదు. జెలటిన్‌ను ఒంటికి బలం ఇచ్చే ఆహారమన్నట్టు చూపించే ప్రకటనలు ఆ కంపెనీ చాలా వేసింది. జెలటిన్ మాంసకృత్తే. కానీ మన ఒంటికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో లేదు. పప్పు పెట్టాల్సిన చోట జెల్లీ పెడితే కుదరదు. సరుకు అమ్ముకునేవాళ్ళు ఆడవాళ్ళయినా అమ్ముకునేవాళ్ళే. ఆ మాట ఒప్పుకుని మిగతాది మెచ్చుకోవడమే నాకు న్యాయంగా తోచింది.

ఆవిడకు గట్టి పోటీ జెల్లో. న్యూయార్క్ రాష్ట్రంలోనే లిరాయ్ అనే ఊళ్ళో 1897లో పెర్ల్ వెయిట్ అనే దగ్గుమందులు చేసే ఆయన జెలటిన్‌లో పంచదార, రంగు, పళ్ళ వాసన కలిపాడు. దానికి పేరు పెట్టింది ఆయన భార్య మే. అమ్ముకోలేక 1899లో 450 డాలర్లకు హక్కులు ఇచ్చేశాడు. కొన్నవాళ్ళు కోట్లు గడించారు. జెల్లో పొట్లంలో ఎక్కువ భాగం పంచదారే. నాక్స్ పొట్లంలో ఉండేది ఉత్త జెలటిన్. తియ్యగా కావాలో, కారంగా కావాలో, ఏ పండు వెయ్యాలో ఇల్లాలి ఇష్టం. నిమ్మ పులుపు, గులాబీరంగు బిళ్ళ విడిగా పెట్టి ఇచ్చిన రకం కూడా ఉండేది. పంచదార మాత్రం కలపలేదు. 

మొదట చెప్పిన తూట్ల కేకు ఈ జెల్లో వాళ్ళ ప్రచారంతోనే 1970ల్లో ఇంటింటికీ వెళ్ళింది. రోజ్ చూడలేదు. అయినా నేను నాక్స్ పద్ధతిలోనే, ఉత్త జెలటిన్‌తో చేస్తాను. రంగునీళ్ళ వాసన కంటే మన నల్లద్రాక్ష రసం వెయ్యిరెట్లు మేలు.

మైదా రెండున్నర కప్పులు, పంచదార ఒకటిన్నర కప్పు, వెన్న 150 గ్రాములు, గుడ్లు 3, పాలు ఒక కప్పు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూను వెనీలా. వెన్న, పంచదార తెల్లగా నురుగొచ్చేలా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటే వేసి కలపండి. జల్లించిన పిండి కొంచెం, పాలు కొంచెం మార్చి మార్చి వెయ్యండి. 13 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు ట్రేకి వెన్న రాసి పోసి, 180 డిగ్రీల్లో 30 నుంచి 35 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. ఒక పావుగంట ఆగి, ట్రేలో ఉండగానే అరంగుళానికి ఒకటి చొప్పున ఫోర్కుతో అడుగుదాకా గుచ్చండి.

పావు కప్పు చన్నీళ్ళలో 7 గ్రాముల జెలటిన్ చల్లి అయిదు నిమిషాలు వదిలెయ్యండి. నల్లద్రాక్ష ఉడికించి వడకట్టిన రసం ఒకటింబావు కప్పు, పంచదార కప్పులో మూడోవంతు కలిపి వేడిచెయ్యండి. దించాక జెలటిన్ వేసి కరిగేదాకా తిప్పండి. జెలటిన్ వేశాక మరిగించకూడదు, బిగుసుకునే గుణం తగ్గిపోతుంది. గరిటెతో కేకంతా సమంగా పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, చిలికిన క్రీము రాసి, పండ్లు పరవండి.

పచ్చి అనాస, బొప్పాయి, కివీ, అల్లం రసం, వీటిలో దేనితోనూ జెలటిన్ గడ్డకట్టదు. వాటిలో మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములుంటాయి. బాగా ఉడికిస్తే ఆ ఎంజైములు చచ్చిపోతాయి, అప్పుడు ఫర్వాలేదు. డబ్బా అనాసను వేడిచేసే పెడతారు గనక దానితోనూ ఇబ్బంది లేదు. ఇంకోటి. జెలటిన్ మన ఒంటివేడికే కరిగిపోతుంది, నోట్లో అంత హాయిగా ఉండేది అందుకే. కానీ మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బల్లమీద పెట్టి అతిథుల కోసం ఎదురుచూస్తే కేకు కింద మడుగే మిగులుతుంది. తినే ముందే బయటికి తియ్యండి.

శాకాహారుల ఇంట్లో జెలటిన్ పనికిరాదు. చైనా గ్రాస్ వాడుకోవచ్చు. అది సముద్రపు నాచునుంచి వస్తుంది. పొడి అయితే ఒకటిన్నర కప్పు రసానికి ముప్పావు టీస్పూను చాలు. దీన్ని మాత్రం తప్పకుండా రెండు నిమిషాలు మరిగించాలి, వేడి మీదే పోసెయ్యాలి. ఫ్రిజ్ అక్కర్లేకుండానే గడ్డకడుతుంది, ఎండకు తొందరగా కరగదు. నోట్లో వెన్నలా కరగడం మాత్రం ఉండదు. అలాగే కేకులోని గుడ్ల సంగతి, వెయ్యనివాళ్ళకు వాళ్ళ పద్ధతి వాళ్ళకు తెలుసు.

రోజ్ నాక్స్ ఎనభై దాటాక కూడా ఆఫీసు పని మానలేదు. జాన్స్‌టౌన్ వాళ్ళకు ఆటస్థలం ఇచ్చింది. కొడుకులు చేతికందేదాకానే అనుకున్న ఏర్పాటు 1947 వరకు సాగింది. తొంభయ్యో ఏట అధ్యక్ష పదవిని కొడుకు జేమ్స్‌కి అప్పగించింది. 1950లో చనిపోయేనాటికి ఆవిడకు 92 ఏళ్ళు.

కంపెనీ 1972లో లిప్టన్ చేతికి, 1994లో నబిస్కో చేతికి, 2000లో క్రాఫ్ట్ చేతికి వెళ్ళింది. జెల్లో అప్పటికే క్రాఫ్ట్ వాళ్ళది. అలా వందేళ్ళు పోటీపడిన రెండు పొట్లాలూ ఒకే ఇంటివయ్యాయి. మా ఆడపడుచు తెచ్చిన నాక్స్ డబ్బాలో ఇప్పటికీ పంచదార లేదు.